ఎంటర్ కొట్టే ముందు: టెర్మినల్ పేర్లు చదవడం, వాటిని గాడిలో పెట్టడం

బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో నా అద్దె గదిలో, బల్ల మీద రెండు చిన్న కంప్యూటర్ బోర్డులు ఉండేవి. ఒకదాంట్లో మూడు వారాల పని ఉంది. రెండోది ప్రయోగాలకి పెట్టుకున్న పాతది. రెండూ ఒకే యూఎస్‌బీ హబ్ మీదుగా ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉన్నాయి. ఓ సాయంత్రం వాన మొదలైంది, వెనకే కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది గానీ, హబ్ మాత్రం ఆరిపోయి పది నిమిషాలకి మళ్లీ వెలిగింది. నేను ఎప్పటిలాగే, లైనక్స్‌లో పాత బోర్డు పేరనుకున్న /డెవ్/టీటీవైయూఎస్‌బీ1 తెరిచి, పాత బోర్డులో మెమరీ చెరిపే కమాండ్ కొట్టాను. చెరిగింది. చెరిగింది పాతది కాదు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. కానీ తప్పు హబ్‌ది కాదు, కరెంటుదీ కాదు. చివర ఉన్న ఆ "1" బోర్డు పేరు అనుకున్నాను. నిజానికి అది క్యూలో ఇచ్చే టోకెన్ నంబర్. ముందొచ్చినవాడికి 0, తర్వాతవాడికి 1. కరెంటు వచ్చాక బోర్డులు వరస మార్చుకుని వచ్చాయి, అంతే.

అప్పటినుంచి ఏ టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో లేదా తెర) ముందు కూర్చున్నా నన్ను నేను అడిగేది ఒకటే: ఇప్పుడు నేను కొట్టేది ఎవరికి చేరుతోంది? దానికి జవాబు ఎలా వెతుక్కోవాలో, దొరికాక పేరు జారిపోకుండా ఎలా కట్టేయాలో కింద వరసగా రాస్తున్నాను. ఎక్కువ భాగం లైనక్స్ గురించే. విండోస్, మ్యాక్ సంగతి చివర్లో కొంచెం.

చదివే ముందు ఒక మాట. కమాండ్లన్నీ ఫోన్‌లో చెప్పుకున్నట్టు తెలుగులో రాశాను. కీబోర్డు మీద అవి ఇంగ్లీషు చిన్నక్షరాలే. అయితే టీటీవైఎస్0లో ఎస్, టీటీవైయూఎస్‌బీ0లో యూఎస్‌బీ, టీటీవైఏసీఎం0లో ఏసీఎం, టీటీవైఏఎంఏ0లో ఏఎంఏ మాత్రం పెద్దక్షరాలు. చిన్న ఎస్ కొట్టి "ఫైల్ లేదంటోంది అన్నా" అని ఫోన్ చేసినవాళ్లు ఒకరిద్దరు కాదు.

మొదటి అడుగు: మీరెక్కడున్నారో కనుక్కోండి

టెర్మినల్ విండో తెరిచి టీటీవై అని కొట్టి ఎంటర్ నొక్కండి. /డెవ్/పీటీఎస్/0 లాంటిదేదో వస్తుంది. ఇంకో విండో తెరిచి అదే కొడితే /డెవ్/పీటీఎస్/1. ఎస్ఎస్‌హెచ్ ద్వారా వేరే మెషీన్‌లోకి వెళ్లి కొడితే, ఆ మెషీన్ ఇచ్చిన పీటీఎస్ నంబర్ వస్తుంది. ఇక కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, వచ్చిన నల్ల తెర మీద లాగిన్ అయి అదే కమాండ్ కొడితే /డెవ్/టీటీవై3. మీ గ్రాఫిక్ తెర ఎఫ్1, ఎఫ్2ల్లో ఎక్కడో ఉంటుంది, కంగారు పడకుండా అటు తిరిగి రండి.

ఇప్పుడొక చిన్న ఆట. రెండు విండోలు పక్కపక్కన పెట్టుకోండి. మొదటిదాంట్లో ఇలా కొట్టండి:

ఎకో "అన్నం తిన్నావా" > /డెవ్/పీటీఎస్/1

రెండో విండోలో ఆ మాట ప్రత్యక్షమవుతుంది. కానీ అక్కడి షెల్‌కి (మీ కమాండ్లు అందుకుని నడిపే ప్రోగ్రాముకి) ఆ సంగతే తెలియదు. మీరు రాసింది తెర మీద పడిందే తప్ప షెల్ చెవిన పడలేదు. /డెవ్/పీటీఎస్/1 లాంటి డివైస్ ఫైల్‌లోకి రాయడమంటే తెరకి పంపడం. కమాండ్ పంపించడం కాదు. ఈ తేడా చాలామందికి మొదటిసారి మింగుడుపడదు.

ఆటలో రెండో భాగం దీనికంటే బాగుంటుంది. మొదటి విండోలో క్యాట్ /డెవ్/పీటీఎస్/1 అని కొట్టి, రెండో విండోలోకి వెళ్లి టైప్ చేయండి. కొన్ని అక్షరాలు ఇక్కడ పడతాయి, కొన్ని మొదటి విండోలో తేలతాయి. ఒకే కంచంలో ఇద్దరు తింటున్నట్టు, ఎవరి చేతికి అందింది వాళ్లది. సీరియల్ పోర్టుని (బిట్లు ఒకదాని వెనక ఒకటి పంపే పోర్టుని) రెండు ప్రోగ్రాములు ఒకేసారి తెరిస్తే జరిగేది సరిగ్గా ఇదే. "డేటా సగం సగం వస్తోంది" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది, ఇంకో విండోలో అదే పోర్టు తెరిచి ఉందా అని.

ఎల్ఎస్ -ఎల్ /డెవ్/పీటీఎస్/1 కొట్టి చూస్తే వరస మొదట్లో సీ అనే అక్షరం ఉంటుంది. ఇది క్యారెక్టర్ డివైస్, అంటే డేటా అక్షరాల వరసగా వెళ్లే పరికరం అని దాని అర్థం. ఓనర్ మీరు, గ్రూపు టీటీవై. ఇంకో యూజర్ విండోలోకి ఎకో చేయబోతే పర్మిషన్ లేదని తిప్పి పంపుతుంది.

రెండో అడుగు: పేరుని విడగొట్టి చదవండి

బెంగళూరులో ఏ ఫారం నింపినా మనకి "ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్" దగ్గర తంటానే. మన ఇంటిపేరు ముందుంటుంది, పెట్టిన పేరు తర్వాత వస్తుంది. లైనక్స్ డివైస్ పేర్లు అచ్చం మన పద్ధతే. టీటీవై అన్నది ఇంటిపేరు. తర్వాతి అక్షరాలు ఏ డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఇంట్లో పుట్టాడో చెబుతాయి. చివరి అంకె ఎన్నోవాడో చెబుతుంది.

ఆ ఇంటిపేరు టెలిటైప్ నుంచి వచ్చింది. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 అనే యంత్రం సెకనుకి 10 అక్షరాలు కాగితం మీద కొట్టేది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్‌తో మాట్లాడే సాధనాలు ఇలాంటివే. తర్వాత కాగితం పోయి గాజు తెర వచ్చింది. 1978లో డీఈసీ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌లో వరసకి 80 అక్షరాలు, మొత్తం 24 వరసలు. ఈ రోజు మీరు కొత్త టెర్మినల్ విండో తెరిస్తే చాలాసార్లు అదే కొలతతో తెరుచుకుంటుంది. యంత్రం పోయినా కొలత మిగిలింది.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి.

టీటీవై1 నుంచి టీటీవై63 దాకా ఉన్నవి వర్చువల్ కన్సోల్‌లు. మెషీన్‌కి తగిలించిన అసలు కీబోర్డు, అసలు తెర మీద కెర్నల్ (లైనక్స్ నడిబొడ్డున ఉండే ప్రోగ్రాము) స్వయంగా గీసేవి.

టీటీవైఎస్0, ఎస్1 అన్నవి మదర్‌బోర్డు మీద ఉండే మామూలు సీరియల్ పోర్టులు. వర్చువల్ మెషీన్లకి ఇచ్చే సీరియల్ పోర్టు కూడా చాలాసార్లు ఇదే పేరుతో వస్తుంది.

టీటీవైయూఎస్‌బీ0 అంటే యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చిప్. మన చేతికి ఎక్కువగా దొరికేవి సీహెచ్340, సీపీ2102, ఎఫ్‌టీ232. టీటీవైఏసీఎం0 అంటే మోడెమ్ తరహా యూఎస్‌బీ పద్ధతిలో తనే సీరియల్‌గా పరిచయం చేసుకునే పరికరం. ఆర్డ్యూనో ఊనో అసలు బోర్డు ఏసీఎంగా వస్తుంది. చవకగా దొరికే నకళ్లలో సీహెచ్340 ఉంటుంది కాబట్టి అవి యూఎస్‌బీ0గా వస్తాయి. "ట్యుటోరియల్‌లో ఏసీఎం అన్నారు, నాకు యూఎస్‌బీ అని వస్తోంది" అనే గందరగోళానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

టీటీవైఏఎంఏ0 రాస్ప్‌బెర్రీ పై లాంటి ఆర్మ్ ప్రాసెసర్ బోర్డుల్లో కనిపిస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 3లో ఒక చిక్కుంది: మంచి సీరియల్ పోర్టు బ్లూటూత్‌కి వెళ్లిపోయి, పిన్నుల దగ్గరకి చిన్న పోర్టు టీటీవైఎస్0 వచ్చింది. అందుకే అక్కడ /డెవ్/సీరియల్0 అనే పేరు వాడటం క్షేమం. పిన్నుల దగ్గర ఏ పోర్టు ఉంటే దాన్ని చూపిస్తుంది.

పీటీఎస్ మాత్రం వేరే కాపురం పెట్టుకుంది. చిన్నప్పుడు రెండు అగ్గిపెట్టెలకి దారం కట్టి ఫోను చేసుకున్నాం కదా, ఇది అలాంటి జత. విండో ప్రోగ్రాము /డెవ్/పీటీఎంఎక్స్ అనే ఫైల్ తెరుస్తుంది. కెర్నల్ ఒక జత తయారుచేసి, ఒక కొస విండోకి ఇచ్చి, రెండో కొసకి పీటీఎస్/0 అని పేరు పెడుతుంది. షెల్ ఆ రెండో కొస దగ్గర కూర్చుని, అవతల నిజమైన టెలిటైపే ఉందన్నట్టు మాట్లాడుతుంది. ఎస్ఎస్‌హెచ్ కూడా ఇదే పని చేస్తుంది, దారం కొంచెం పొడవు.

మూడో అడుగు: ఒకేలా కనిపించే మూడింటిని విడివిడిగా గుర్తుపట్టండి

/డెవ్/టీటీవై, /డెవ్/టీటీవై0, /డెవ్/కన్సోల్. ఇంటర్వ్యూల్లో కూడా ఈ మూడింటి దగ్గర తడబడటం చూశాను.

/డెవ్/టీటీవై అన్నది "నేను" అనే మాట లాంటిది. ఎవరు అంటే వాళ్లకి వర్తిస్తుంది. మీ విండోలో నడిచే ప్రోగ్రాముకి అది మీ విండో, నా ప్రోగ్రాముకి నాది. మీరు ప్రోగ్రాముకి ఇన్‌పుట్‌ని వేరే ఫైల్ నుంచి మళ్లించినా, ఎస్ఎస్‌హెచ్, సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపేది) పాస్‌వర్డ్ మాత్రం మిమ్మల్నే అడుగుతాయి చూడండి, అవి నేరుగా /డెవ్/టీటీవై తెరవడం వల్లే.

/డెవ్/టీటీవై0 అంటే "ఇప్పుడు తెర మీద ఎవరుంటే వాళ్లు". ఎఫ్3 నొక్కి టీటీవై3కి వెళ్తే అది టీటీవై3, ఎఫ్4 నొక్కితే టీటీవై4.

/డెవ్/కన్సోల్ అంటే మెషీన్ బూట్ అవుతున్నప్పుడు మొదటి ప్రాసెస్ మాట్లాడే చోటు. అది తెర కావచ్చు, సీరియల్ తీగ కావచ్చు. అది ఏదన్నది మనం బూట్ సమయంలో చెప్పవచ్చు, ఆరో అడుగులో చూద్దాం.

ఎల్ఎస్ -ఎల్ కొడితే ఈ మూడింటికీ సైజు ఉండాల్సిన చోట రెండు అంకెలు కనిపిస్తాయి. టీటీవైకి 5, 0. కన్సోల్‌కి 5, 1. టీటీవై0కి 4, 0. కెర్నల్ చూసేది ఈ అంకెలనే. పేరు మనకోసం. మొదటిది ఏ డ్రైవరో చెబుతుంది, రెండోది అందులో ఎన్నోదో చెబుతుంది.

పక్కదారిలో ఒక తెలుగు సంగతి. తెలుగు పేర్లున్న ఫైళ్లని విండోలో చూసి, తర్వాత టీటీవై3లోకి వెళ్లి ఎల్ఎస్ కొట్టండి. అక్షరాల బదులు డబ్బాలు బారులు తీరి కనిపిస్తాయి. ఫైళ్లు పాడవలేదు. కెర్నల్ గీసే కన్సోల్ ఫాంటులో మహా అయితే 512 ఆకారాలకి చోటుంది. ఒత్తులూ గుణింతాలూ కలిపి అక్షరం కట్టే నేర్పు దానికి లేదు. తెలుగు చదవాలంటే విండోలోకో, ఎస్ఎస్‌హెచ్‌లోకో రావాల్సిందే.

నాలుగో అడుగు: మధ్యలో కూర్చున్న గుమాస్తాని పరిచయం చేసుకోండి

మీ కీబోర్డుకీ ప్రోగ్రాముకీ మధ్య కెర్నల్‌లో ఒక పొర ఉంటుంది. దాన్ని లైన్ డిసిప్లిన్ అంటారు. నేను గుమాస్తా అంటాను. మీరు చెప్పింది వరస పూర్తయ్యేదాకా తన దగ్గర పెట్టుకుని, తప్పులు దిద్దుకోనిచ్చి, ఎంటర్ కొట్టాకే లోపలికి పంపుతాడు. కంట్రోల్ సీ నొక్కితే ప్రోగ్రాముకి అందేది అక్షరం కాదు. గుమాస్తా దాన్ని మధ్యలోనే పట్టుకుని, ఆపమని ప్రోగ్రాముకి సిగ్నల్ పంపుతాడు. కంట్రోల్ డీ అంటే "ఇక చెప్పేదేం లేదు". ఎస్‌టీటీవై -ఏ కొడితే ఈ గుమాస్తాకున్న రూల్స్ అన్నీ బయటపడతాయి.

అతను పని చేస్తుంటే చూడాలా? ఎస్‌టీటీవై -ఏ జాబితాలో ఐయూటీఎఫ్8 అని ఉందో లేదో చూసుకోండి, ముందు గీత లేకుండా ఉండాలి. తర్వాత క్యాట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. "శ్రీ" అని టైప్ చేయండి. రెండుసార్లు బ్యాక్‌స్పేస్ కొట్టి ఎంటర్ నొక్కండి. క్యాట్ మీకు తిరిగి అప్పగించేది "శ్". ఎందుకంటే మన కంటికి ఒక్కటిగా కనిపించే శ్రీ, కంప్యూటర్‌కి నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. గుమాస్తా వెనకనుంచి ఒక్కో ముక్కా తీస్తాడు. తెర మీద కర్సర్ ఎక్కడో తచ్చాడుతున్నట్టు కనిపించవచ్చు, పట్టించుకోకండి.

కంట్రోల్ డీ కొట్టి బయటికొచ్చి, ఎస్‌టీటీవై -ఐయూటీఎఫ్8 అని కొట్టి మళ్లీ చేయండి. ఇప్పుడు ఒక్కో బ్యాక్‌స్పేస్‌కి ఒక్కో బైటే పోతుంది. శ్రీ మొత్తం 12 బైట్లు. రెండుసార్లు కొట్టి ఎంటర్ నొక్కితే చివర్లో ఒక బైటు తెగిపడి, ప్రశ్నార్థకమో డబ్బానో మిగులుతుంది. పాత సీరియల్ లాగిన్‌లలో తెలుగు టైప్ చేస్తే చెత్త మిగలడం వెనక చాలాసార్లు ఉండేది ఈ ఒక్క స్విచ్చే. అయ్యాక ఎస్‌టీటీవై ఐయూటీఎఫ్8 కొట్టి మళ్లీ యథాస్థానంలో పెట్టేయండి. అన్నట్టు, ఈ పరీక్ష బ్యాష్ (మామూలుగా వచ్చే షెల్) ప్రాంప్ట్ దగ్గర పనిచేయదు. బ్యాష్ గుమాస్తాని పక్కన కూర్చోబెట్టి దిద్దుబాటు పని తనే చేసుకుంటుంది.

తెర బిగుసుకుపోయి ఏం కొట్టినా కదలకపోతే, ముందు కంట్రోల్ క్యూ నొక్కండి. పొరపాటున కంట్రోల్ ఎస్ పడి ఉంటుంది. ఎస్ అంటే ఆగు, క్యూ అంటే కానీ. దీనికే మెషీన్ రీస్టార్ట్ చేసినవాళ్లున్నారు. చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఏదో బైనరీ ఫైల్ తెర మీదికి వదిలేసి అక్షరాలన్నీ పిచ్చిగీతలైతే రీసెట్ అని కొట్టండి. కొట్టేది కనపడకపోయినా ఫర్వాలేదు. ఎంటర్ కూడా పనిచేయకపోతే కంట్రోల్ జే, తర్వాత ఎస్‌టీటీవై సేన్, మళ్లీ కంట్రోల్ జే. గుడ్డిగా కొట్టినా గుమాస్తా దారికొస్తాడు.

ఐదో అడుగు: తీగ తగిలించండి

తెర లేని బోర్డుతో మాట్లాడాలంటే సీరియల్ తీగే దిక్కు. బెంగళూరులో దీనికి ఎస్‌పీ రోడ్ వెళ్తే చాలు. ఆ ఇరుకు సందుల్లో "యూఎస్‌బీ టు టీటీఎల్" అంటే కౌంటర్ మీద మూడు నాలుగు రకాలు పరుస్తారు. కొనేటప్పుడు ఒక్కటి అడగండి: 3.3 వోల్టులదా, 5దా? ఈ రోజుల్లో బోర్డుల్లో చాలావాటికి 3.3 వోల్టులే. వాటికి 5 ఇస్తే పిన్ను కాలిపోయే ప్రమాదముంది. వెనకటి తొమ్మిది పిన్నుల ఆర్ఎస్-232 కేబుల్ అయితే అసలు దగ్గరికే రానివ్వకండి. అందులో వోల్టేజి సున్నాకి అటూ ఇటూ 15 దాకా వెళ్తుంది.

తీగలు మూడు చాలు. ఇటు టీఎక్స్ (పంపేది) అటు ఆర్ఎక్స్‌కి (అందుకునేదానికి), ఇటు ఆర్ఎక్స్ అటు టీఎక్స్‌కి, గ్రౌండ్ గ్రౌండ్‌కి. ఒకరి నోరు ఇంకొకరి చెవికి. రాస్ప్‌బెర్రీ పైలో 6వ పిన్ను గ్రౌండ్, 8 టీఎక్స్, 10 ఆర్ఎక్స్. బోర్డుకి వేరే పవర్ ఉంటే నాలుగో ఎర్ర తీగ వదిలేయండి.

ఇప్పుడు ఒక విండోలో సుడో డీఎంఈఎస్‌జీ -డబ్ల్యూ అని వదిలి, అప్పుడు యూఎస్‌బీ గుచ్చండి. కళ్ల ముందే కొత్త వరసలు పడతాయి. ఏ చిప్పో, దానికి ఏ పేరు దొరికిందో చివరి వరస చెబుతుంది. ఊహించుకోవద్దు, అక్కడ చదివి తెలుసుకోండి.

పేరు వచ్చినట్టే వచ్చి వెంటనే మాయమైతే, ముఖ్యంగా ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్‌తో, బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాము దాన్ని పట్టుకుని ఉంటుంది. అది చూపులేనివాళ్ల బ్రెయిలీ పరికరాలకి సాయం చేసేది. కొన్ని బ్రెయిలీ పరికరాల్లోనూ ఇదే చిప్ ఉంటుంది కాబట్టి అది పొరబడుతుంది. మీ మెషీన్‌లో బ్రెయిలీ వాడేవాళ్లెవరూ లేకపోతేనే దాన్ని తీసేయండి.

తెరవబోతే పర్మిషన్ లేదంటే, సుడో పెట్టి తెరవడం నాకు నచ్చని పద్ధతి. డెబియన్, ఉబుంటుల్లో ఈ పోర్టులు డయలౌట్ అనే గ్రూపువి. మిమ్మల్ని అందులో చేర్చుకోండి:

సుడో యూజర్‌మాడ్ -ఏజీ డయలౌట్ మీ-యూజర్-పేరు

ఇందులో ఏ చిన్నక్షరం, జీ పెద్దక్షరం. ఏ మరిచిపోతే మిమ్మల్ని డయలౌట్‌లో చేర్చి, సుడోతో సహా మిగతా గ్రూపులన్నిట్లోంచి తీసేస్తుంది. ఆ తర్వాత లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఆర్చ్ లైనక్స్‌లో ఆ గ్రూపు పేరు యూయూసీపీ.

ఇక తెరవండి:

స్క్రీన్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 115200

ఖాళీ తెర వస్తే ఒకసారి ఎంటర్ కొట్టండి. బోర్డు నిద్రలో ఉంటే లాగిన్ ప్రాంప్ట్‌తో పలుకుతుంది. బయటికి రావాలంటే కంట్రోల్ ఏ, తర్వాత కే, తర్వాత వై. స్క్రీన్ బదులు పికోకామ్ వాడితే కంట్రోల్ ఏ, తర్వాత కంట్రోల్ ఎక్స్. విండో మూసేసి వచ్చేస్తే స్క్రీన్ వెనకాల బతికే ఉండి పోర్టుని వదలకపోవచ్చు.

నంద్యాల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు మారతహళ్లి పీజీ నుంచి రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"అన్నా, బోర్డు పోయిందనుకుంటా. అంతా పిచ్చి గుర్తులే వస్తున్నాయి."

"గుర్తులు వస్తున్నాయి కదరా, అయితే బతికే ఉంది. స్పీడ్ ఎంత పెట్టావ్?"

"9600 అన్నా."

"115200 పెట్టి చూడు."

రెండు నిమిషాల తర్వాత, "లాగిన్ వచ్చిందన్నా!"

లెక్క ఇంతే. పిచ్చి గుర్తులొస్తే స్పీడ్ తేడా. అసలేమీ రాకపోతే ముందు టీఎక్స్, ఆర్ఎక్స్ తారుమారు చేసి చూడండి, గ్రౌండ్ తగిలిందో లేదో చూడండి. బోర్డు మాటలు వస్తున్నా మీరు కొట్టేది అటు చేరకపోతే హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (వేరే తీగల మీద "ఆగు, పంపు" అని చెప్పుకునే పద్ధతి) ఆన్‌లో ఉందేమో చూసి ఆపండి, మినీకామ్ అనే ప్రోగ్రాములో ఇది తరచూ తగులుతుంది. ప్రతి అక్షరం రెండుసార్లు పడితే ఇటూ అటూ ఎకో నడుస్తోంది, ఇటువైపుది తీసేయండి.

115200 అంటే సెకనుకి అన్ని బిట్లు. మామూలు అమరికలో ఒక్కో బైటుకి ముందొక బిట్, వెనకొక బిట్ కలిసి పది అవుతాయి. అంటే సెకనుకి 11,520 బైట్లు. పెద్ద ఫైల్ ఈ దారిన పంపబోయేవాళ్లు టీ తాగి రావచ్చు.

ఆరో అడుగు: కెర్నల్ మాటలు ఎటు పోవాలో చెప్పండి

లాగిన్ రావడం ఒకటి, బూట్ మెసేజ్‌లు రావడం ఇంకొకటి. మెషీన్ బూట్ మధ్యలో చచ్చిపోతుంటే మనకి రెండోది కావాలి. గ్రబ్ (లైనక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రాము) వాడే మెషీన్లలో /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైల్ తెరిచి, కెర్నల్ కమాండ్ లైన్ వరసలో ఇవి చేర్చండి:

కన్సోల్=టీటీవై0 కన్సోల్=టీటీవైఎస్0,115200ఎన్8

తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్. కెర్నల్ మెసేజ్‌లు రెండు చోట్లకీ వెళ్తాయి. కానీ /డెవ్/కన్సోల్ అయ్యేది చివర రాసింది. బూట్ స్క్రిప్టులు మాట్లాడేది, ఎమర్జెన్సీలో పాస్‌వర్డ్ అడిగేది అక్కడే. వరస తారుమారు చేసి, సీరియల్ ముందు కూర్చుని "ప్రాంప్ట్ రావట్లేదే" అని ఎదురుచూడటం బాగా జరిగే పొరపాటు. ప్రాంప్ట్ అక్కడెక్కడో, తెరే లేని వీడియో కార్డు మీద మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

సరిగ్గా పడిందా లేదా అన్నది క్యాట్ /ప్రాక్/కన్సోల్స్ చెబుతుంది. లాగిన్ కూడా కావాలంటే సిస్టమ్‌డీలో (లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపేది) సీరియల్-గెట్టీ సర్వీస్‌ని టీటీవైఎస్0 పేరుతో ఎనేబుల్ చేయాలి. కన్సోల్= అని రాసిన పోర్టుకి సిస్టమ్‌డీ చాలావరకు తనే లాగిన్ తెరుస్తుంది. రాస్ప్‌బెర్రీ పైలో అయితే బూట్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఎనేబుల్_యూఏఆర్‌టీ=1 మరవకండి.

ఏడో అడుగు: పేరుని కట్టేయండి

నా బోర్డు చెరిగిపోయిన కథకి మందు ఇక్కడుంది. ముందు ఎల్ఎస్ -ఎల్ /డెవ్/సీరియల్/బై-ఐడీ చూడండి. ప్రతి పరికరానికీ దాని కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్ కలిపిన పొడుగాటి పేరు అక్కడ ఉంటుంది. అది ఇప్పటి టీటీవైయూఎస్‌బీ ఎవరో చూపిస్తుంది. వరస మారినా ఆ పొడుగు పేరు మారదు. స్క్రిప్టుల్లో అదే వాడండి.

అయితే మన చవక సీహెచ్340 చిప్పుల్లో మామూలుగా సీరియల్ నంబరే ఉండదు. అలాంటివి రెండు పెడితే కవలపిల్లలకి ఒకే పేరు పెట్టినట్టు, బై-ఐడీలో ఒక్కటే మిగులుతుంది. అప్పుడు పక్కనే ఉన్న బై-పాత్ ఫోల్డర్ వాడాలి. అది మనిషిని కాదు, సీటుని చూసి పేరు చెబుతుంది. హబ్‌లో ఏ రంధ్రంలో గుచ్చారన్నదే లెక్క. రంధ్రం మార్చనంతకాలం పేరు మారదు.

సొంత పేరు కావాలంటే యూడెవ్ (/డెవ్‌లో పేర్ల సంగతి చూసుకునే ప్రోగ్రాము) రూల్ రాయాలి. /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీ ఫోల్డర్‌లో 99తో మొదలయ్యే పేరుతో, .రూల్స్‌తో ముగిసే ఫైల్ ఒకటి చేయండి. అందులో ఒక్కో పరికరానికి ఒక్కో వరస. వరసలో మూడు సంగతులుండాలి: సబ్‌సిస్టమ్ టీటీవై అని, పరికరం ఆనవాలు ఏమిటని, దానికి పెట్టాల్సిన సిమ్‌లింక్ (అసలు పేరుని చూపే మారుపేరు) ఏమిటని. ఆనవాళ్లు ఊహించక్కర్లేదు:

యూడెవ్ఏడీఎం ఇన్ఫో -ఏ -ఎన్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0

ఇది పరికరం దగ్గర్నుంచి దాని తల్లి, తాత దాకా అన్ని వివరాలూ కుమ్మరిస్తుంది. సీహెచ్340కి వెండర్ 1ఏ86, ప్రోడక్ట్ 7523. సీపీ2102కి 10సీ4, ఈఏ60. ఎఫ్‌టీ232కి 0403, 6001. సీరియల్ నంబర్ ఉంటే అది కూడా చేర్చండి. కవలలైతే కెర్నల్స్ అనే గుర్తులో కనిపించే 1-2.3 లాంటి రంధ్రం దారి రాయండి. పోల్చే చోట సమాన గుర్తు రెండుసార్లు, సిమ్‌లింక్ దగ్గర కూడిక తర్వాత సమాన గుర్తు. రూల్ పలకకపోతే తొంభై శాతం తప్పు ఇక్కడే అని నా అనుభవం. ఇంకో నిబంధన: తల్లి ఆనవాళ్లూ తాత ఆనవాళ్లూ ఒకే వరసలో కలపకూడదు, ఎవరో ఒక్కరివే తీసుకోవాలి.

తర్వాత సుడో యూడెవ్ఏడీఎం కంట్రోల్ --రీలోడ్, ఆపైన తీగ పీకి మళ్లీ గుచ్చండి. నా బల్ల మీద ఇప్పుడు /డెవ్/పెద్దోడు, /డెవ్/చిన్నోడు ఉన్నారు, ఇంగ్లీషు అక్షరాల్లో. తీగల మీద కూడా అవే పేర్లు స్కెచ్ పెన్‌తో రాసి అంటించాను. సాఫ్ట్‌వేర్‌లో పేరు పెట్టి తీగ మీద రాయకపోతే సగం పనే.

ఒక చిన్న చిక్కు కూడా చెప్పి వదిలేస్తాను. తీగ ఊడినప్పుడు ఏదైనా ప్రోగ్రాము ఆ పోర్టుని ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే, మళ్లీ గుచ్చినప్పుడు యూఎస్‌బీ0 ఖాళీ అవ్వక కొత్తది యూఎస్‌బీ1గా రావచ్చు. ఎవరు పట్టుకున్నారో ఎల్ఎస్ఓఎఫ్ లేదా ఫ్యూజర్ చెబుతాయి.

విండోస్, మ్యాక్ వాడేవాళ్లకి

"కాన్ అనే పేరుతో ఫోల్డర్ చేయలేరు, ఈ రహస్యం ఒక భారతీయుడు కనిపెట్టాడు, బిల్ గేట్స్‌కే జవాబు తెలియదు" అని ఒకప్పుడు ఈమెయిల్ ఫార్వర్డులు తెగ తిరిగాయి. రహస్యమేమీ లేదు. కాన్ అంటే కన్సోల్. 1981 నాటి డాస్‌కి ముందున్న సీపీ/ఎం అనే పాత సిస్టమ్ కాలం నుంచే అది పరికరం పేరు. మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు, 1983లో 2.0తో వచ్చాయి. లైనక్స్‌లా పరికరాలకి /డెవ్ అని వేరే గది కట్టకుండా, పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని ప్రతి ఫోల్డర్‌లోనూ ఆ పేర్లు చెల్లేలా ఉంచారు. ఆ బరువు విండోస్ ఇప్పటికీ మోస్తోంది. పీఆర్ఎన్, ఏయూఎక్స్, ఎన్‌యూఎల్, కామ్1 నుంచి కామ్9, ఎల్‌పీటీ1 నుంచి ఎల్‌పీటీ9 కూడా అదే జాబితాలోవి. ఇన్‌స్టిట్యూట్లలో డాస్ నేర్చుకున్న తరానికి "కాపీ కాన్" కొట్టి ఫైల్ రాయడం గుర్తుండే ఉంటుంది. అందులోని కాన్ ఇదే.

మనకి పనికొచ్చే సంగతి: కామ్10, ఆపైన వచ్చిన పోర్టుని సొంత ప్రోగ్రాము నుంచి తెరవాలంటే ఉత్త పేరు చాలదు. ముందు రెండు వెనకవాలు గీతలు, చుక్క, ఇంకో వెనకవాలు గీత పెట్టి, అప్పుడు కామ్10 అనాలి. కామ్9 దాకా పనిచేసిన ప్రోగ్రాము ఉన్నట్టుండి పదో పోర్టు దగ్గర మొరాయిస్తే అనుమానం దీని మీదే. నంబర్ మార్చుకోవడానికి డివైస్ మేనేజర్‌లో పోర్టు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లండి.

మ్యాక్‌లో ఒకే పరికరానికి రెండు పేర్లొస్తాయి, /డెవ్/టీటీవై. అని ఒకటి, /డెవ్/సీయూ. అని ఒకటి. మొదటిది అవతల మోడెమ్ ఫోన్ ఎత్తిందన్న సంకేతం వచ్చేదాకా తెరుచుకోకుండా ఆగుతుంది. మన మూడు తీగల్లో ఆ సంకేతం మోసే తీగే లేదు. కాబట్టి సీయూదే తెరవండి.

చివరిగా "నాట్ ఏ టీటీవై" అనే ఫిర్యాదు

క్రాన్‌లోనో (టైముకి కమాండ్లు నడిపేది), డాకర్‌లోనో (ప్రోగ్రాముల్ని విడి డబ్బాల్లో పెట్టి నడిపేది), బిల్డ్ సర్వర్ మీదో ఈ మాట ఎదురైతే ఏదో పాడైందని కాదు. ప్రోగ్రాము అవతల మనిషి ఉన్నాడేమో అని చూసింది, టెర్మినల్ లేదు, ఆ మాటే చెప్పింది. పీఎస్ కమాండ్ ఇచ్చే జాబితాలో టీటీవై గడిలో ప్రశ్నార్థకం ఉన్న ప్రాసెస్‌లన్నీ అలాంటివే, టెర్మినల్ లేకుండా తిరిగేవి. మనిషి కూర్చుని వాడే చోటైతే టెర్మినల్ ఇప్పించండి: డాకర్‌కి -ఐటీ, ఎస్ఎస్‌హెచ్ ద్వారా కమాండ్ నడిపేటప్పుడు -టీ. స్క్రిప్టులో అయితే తిరగేసి చేయాలి. డాకర్ వరసలోంచి ఆ టీ తీసేసి, పాస్‌వర్డ్‌లూ అవును-కాదు ప్రశ్నలూ అడగని విధంగా కమాండ్‌ని మార్చుకోవాలి. అర్ధరాత్రి రెండింటికి క్రాన్ "అవునా కాదా" అని అడిగితే జవాబు చెప్పడానికి అక్కడెవరూ ఉండరు.